రక్తంలోనూ మెదడులోనూ ఫోలేట్

వైద్య పరిశోధకుల ప్రచురణలను వ్యాధుల పేర్లను బట్టి సర్దిపెట్టడం గ్రంథాలయాలకూ విశ్వవిద్యాలయాలకూ చిరకాలంగా అలవాటైన పద్ధతి. ఆ పద్ధతిలో రక్త క్యాన్సర్లు ఒక చోటికి, ఆటిజం మరొక చోటికి చేరతాయి. ఒకే పరిశోధకుడి పేరో, ఒకే ప్రయోగశాల పేరో రెండు చోట్లా కనిపించినప్పుడు, అక్కడ దేనిమీదా నిలకడగా పని జరగలేదేమో అన్న అనుమానం చదివేవారికి కలగడం సహజం. ఎముక మూలుగలో పుట్టే జబ్బుకూ, మాట రావడంలోనూ ఎదుటివారితో కలవడంలోనూ బాల్యం నుంచే కనిపించే తేడాకూ పైకి ఏ పొత్తూ లేదు. అయితే పరిశోధకుడు చాలాసార్లు వెంబడించేది వ్యాధిని కాదు, ఒక రసాయన చర్యను. ఆ చర్య శరీరంలో ఎక్కడెక్కడ జరుగుతుందో అతని రచనలు కూడా అక్కడికల్లా వెళతాయి. దీనికి తగిన ఉదాహరణ కోసం తెలుగువారు దూరం పోనక్కరలేదు. భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు తన బృందంతో కలిసి రూపురేఖలు తేల్చిన ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ 1940లలో పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సకు తలుపు తెరిచింది. అర్ధశతాబ్దానికి పైగా గడిచాక అదే విటమిన్ ఆటిజం పరిశోధనలో ప్రధానమైన ప్రశ్నల్లో ఒకటిగా నిలిచింది. సుబ్బారావు ఆటిజం గురించి ఒక్క పుట కూడా రాయలేదు. ఆయన చేతిలో ఉన్న ప్రశ్న మాత్రం ఆయన పోయిన తర్వాత కూడా నడిచి అక్కడికి చేరింది.

ఆ విటమిన్‌ను చూడడానికి ప్రయోగశాలకు వెళ్ళవలసిన పని లేదు. హనుమకొండ నుంచి కరీంనగర్ వెళ్ళే దారిలో ఉన్న హసన్‌పర్తిలో గర్భిణులకు ఏఎన్ఎం గానీ ఆశా కార్యకర్త గానీ ఇచ్చే ఎర్ర మాత్రలో అది ఉంది. ఊళ్ళో దాన్ని అందరూ ఐరన్ గోలీ అనే అంటారు, ఎందుకంటే పేరుకు తగ్గట్టే అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. దాని పక్కనే 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం, అంటే ఇనుము బరువులో నూట ఇరవయ్యో వంతు, పేరు లేకుండా కూర్చుని ఉంటుంది. కిశోర బాలబాలికలకు వారానికొకసారి ఇచ్చే నీలి మాత్రలోనూ ఇవే పాళ్ళు; అయిదు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకిచ్చే గులాబీ మాత్రలో ఇనుము 45 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లం 400 మైక్రోగ్రాములు. కంటికి ఆననంత చిన్న మోతాదు అది. అయినా అది చాలినంత లేకపోతే మూలుగలో కణాల తయారీ తప్పుదారి పడుతుంది, గర్భంలో శిశువు వెన్నెముక సరిగా మూసుకోకపోవచ్చు. పాలకూర, తోటకూర, పెసలు, శనగలు, కాలేయం వంటి ఆహారంలో ఇదే పదార్థం సహజ రూపాలలో దొరుకుతుంది. ఆ రూపాలన్నిటినీ కలిపి ఫోలేట్ అంటారు, మాత్రలో ఉండే కృత్రిమ రూపాన్ని ఫోలిక్ ఆమ్లం అంటారు. ఆకుకూరను ఎక్కువసేపు ఉడికించి నీళ్ళు పారబోస్తే ఫోలేట్‌లో పెద్ద భాగం ఆ నీళ్ళతోనే పోతుంది.

ఫోలేట్ చేసే పని ఒక్కమాటలో చెప్పాలంటే మోత పని. ఒకే ఒక్క కార్బన్ పరమాణువు ఉన్న చిన్న రసాయన ముక్కలను ఒక అణువు నుంచి తీసుకుని మరొక అణువుకు అందించడమే దాని ఉద్యోగం. ఇల్లు కట్టేచోట ఒక్కొక్క ఇటుకనే మేస్త్రీకి అందిస్తూ మళ్ళీ వెనక్కి వెళ్ళే కూలీలాగా, ఇచ్చినది ఇచ్చి ఖాళీ చేతులతో తిరిగి వచ్చి మరొక ముక్కను అందుకుంటుంది. ఈ ముక్కలు ప్రధానంగా రెండు చోట్లకు వెళతాయి. మొదటిది డీఎన్ఏ తయారీ: కణం రెండుగా చీలాలంటే అందులోని డీఎన్ఏ మొత్తానికి నకలు తయారు కావాలి, ఆ నకలుకు కావలసిన థైమిడిన్ అనే అక్షరం ఫోలేట్ తెచ్చే కార్బన్ లేనిదే తయారు కాదు. రెండోది మిథైలేషన్, అంటే తయారైన డీఎన్ఏ మీద, ఇతర అణువుల మీద ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు ఉన్న చిన్న గుర్తును తగిలించడం. ఏ జన్యువు ఎప్పుడు పలకాలో, ఎప్పుడు మౌనంగా ఉండాలో నిర్ణయించే పద్ధతులలో ఇది ముఖ్యమైనది. శరీరంలో కణాలు అతివేగంగా చీలే చోటు మూలుగ కాబట్టి మొదటి పని చెడితే దెబ్బ రక్తంలో కనిపిస్తుంది. ఎదిగే మెదడులో జన్యువులు వేళ ప్రకారం పలకవలసి ఉంటుంది కాబట్టి రెండో పని చెడితే దెబ్బ అక్కడ కనిపించే అవకాశం ఉంది. రక్త క్యాన్సర్ గురించిన పరిశోధన పత్రం పక్కన ఆటిజం గురించిన పత్రం వచ్చి చేరడానికి మూలం ఈ రెండు దారులే.

ఈ పదార్థం జాడ మొదట దొరికింది భారతదేశంలోనే. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులలో తీవ్రమైన రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, ఆ రక్తహీనత ఈస్ట్ సారంతో కుదురుతున్నదని 1931లో ప్రకటించింది. ఎర్రకణాలు ఎదగవలసిన తీరులో ఎదగక, లావుగా, కొద్ది సంఖ్యలో తయారవడం ఆ జబ్బు లక్షణం. 1941లో అమెరికా పరిశోధకులు పాలకూర నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థం గల లాటిన్ మాట నుంచి దానికి పేరు పెట్టారు. అదే సమయంలో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో కాలేయ సారాన్ని శోధిస్తున్నాడు. ఆయనకు ఈ అన్వేషణ కేవలం వృత్తి ధర్మం కాదని జీవితచరిత్ర చదివినవారికి అర్థమవుతుంది: తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతోనూ రక్తహీనతతోనూ మనిషిని కృశింపజేసే స్ప్రూ అనే జబ్బుకు ఆయన సోదరులిద్దరు రోజుల తేడాలో బలయ్యారు, ఆయనకూ అదే జబ్బు సోకి ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో బతికి బయటపడ్డాడు. ఉష్ణమండలపు స్ప్రూలో పేగు ఫోలేట్‌ను పీల్చుకోలేదు. ఫోలిక్ ఆమ్లం మందుగా చేతికి వచ్చాక ఆ జబ్బు చికిత్సలో అది ముఖ్య భాగమైంది.

సుబ్బారావు ప్రచురణలను వరుసగా చూస్తే పరిశోధన పత్రాల పట్టిక ఎంత చెబుతుందో, ఎంత దాస్తుందో రెండూ తెలుస్తాయి. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఆయన ప్రచురించిన పత్రం రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని వివరించింది. ఆ పద్ధతి ఇద్దరి పేర్ల మీదా నిలిచి, జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉటంకించబడిన పత్రాలలో ఒకటైంది. 1927లో కండరంలో దొరికే ఫాస్ఫోక్రియాటిన్ గురించి, 1929లో కణాలకు శక్తి నాణెం వంటి ఏటీపీ గురించి సైన్స్ పత్రికలో ఆ ఇద్దరే రాశారు. 1940లో లెడర్లీకి వెళ్ళిన తర్వాత పట్టిక స్వభావం మారింది. కంపెనీ ప్రయోగశాలలో పని బృందానిది, పేటెంటు కంపెనీది. దర్శకత్వం వహించిన మనిషి పేరు పత్రం మీద ఉండాలన్న నియమం లేదు. కాలేయం నుంచి దొరికిన విటమిన్ నిర్మాణాన్నీ దాని సంశ్లేషణనూ, అంటే ప్రయోగశాలలో దాన్ని మొదటినుంచీ కట్టడాన్నీ, 1946లో సైన్స్ పత్రికలో వెల్లడించిన పత్రానికి పదహారుమంది రచయితలున్నారు. పేర్లు రెండు గుంపులుగా, ఒక్కొక్క గుంపులో అక్షరక్రమంలో ఉండడం వల్ల పరిశోధన మొత్తాన్ని నడిపిన సుబ్బారావు పేరు ఏడవ స్థానంలో, ఆంజియర్, బూత్, హచింగ్స్ వంటివారి తర్వాత కనిపిస్తుంది. పత్రంలో పేరు ఎన్నోదో చూసి పరిశోధకుడి పాలును తూచేవారు ఈ ఒక్క వరుసను ఆగి చూడవలసి ఉంటుంది.

రక్త క్యాన్సర్ కథలో ఆయన పేరు అంతగా కనిపించదు. బోస్టన్‌లో పిల్లల వ్యాధి నిర్ధారణ నిపుణుడైన సిడ్నీ ఫార్బర్ లెడర్లీ నుంచి ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి బంధువులైన పదార్థాలను తెప్పించుకుని, లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి చూశాడు. రక్తహీనతను తగ్గించే విటమిన్ రక్తం జబ్బును కూడా తగ్గిస్తుందేమోనన్న ఆశ అప్పట్లో అసహజమైనది కాదు. ఫలితం తారుమారైంది: విటమిన్ అందినకొద్దీ మూలుగలో క్యాన్సర్ కణాలు మరింత జోరుగా పెరిగినట్లు ఫార్బర్‌కు కనిపించింది. ఆ విషాదం నుంచే ఆయన సరైన ప్రశ్నకు చేరాడు. ఫోలేట్ అందితే క్యాన్సర్ కణాలు బలుస్తున్నాయంటే, దాన్ని అందకుండా చేస్తే అవి మాడిపోవాలి. లెడర్లీ రసాయన శాస్త్రజ్ఞులు అందుకు తగిన వస్తువును తయారుచేశారు. ఫోలిక్ ఆమ్లం నిర్మాణంలో నాలుగో స్థానాన ఉండే ఆక్సిజన్ గుంపును తీసి అక్కడ నైట్రోజన్ గుంపును, అంటే అమైనో గుంపును, పెట్టడంతో అమైనాప్టెరిన్ పుట్టింది. దాన్ని 1947లో వెల్లడించిన పత్రం మీద డోరిస్ సీగర్, ఆమె సహచరుల పేర్లున్నాయి. ఆ ఒక్క మార్పు వల్ల మందు విటమిన్ లాగే నటిస్తూ కణంలోకి చొరబడుతుంది, వాడిన ఫోలేట్‌ను మళ్ళీ పనికి సిద్ధం చేసే డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌ను గట్టిగా పట్టుకుని వదలదు, థైమిడిన్ తయారీ ఆగిపోతుంది, చీలబోయిన కణం మధ్యలోనే నిలిచి చస్తుంది. 1948 జూన్‌లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫార్బర్ బృందం పదహారుమంది పిల్లలకు ఈ మందు ఇవ్వగా పదిమందిలో జబ్బు తాత్కాలికంగా తగ్గిందని ప్రకటించింది. శీర్షికలోనే తాత్కాలికం అన్న మాటను పెట్టిన ఆ నిజాయితీ గౌరవించదగినది. అప్పటికి ఆ జబ్బు పిల్లలను వారాలలోనో నెలలలోనో తీసుకుపోయేది. దానిమీద ఏ మందైనా పనిచేయగలదని చూపిన తొలి ఆధారం అది. రెండు నెలలు దాటగానే, ఆగస్టులో, యాభై మూడేళ్ళ సుబ్బారావు నిద్రలో కన్నుమూశాడు.

అమైనాప్టెరిన్‌కు ఒక మిథైల్ గుంపును చేరిస్తే వచ్చేది మెథోట్రెక్సేట్. హసన్‌పర్తి నుంచి లుకేమియా అనుమానంతో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికీ, అక్కడినుంచి హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికీ వెళ్ళే కుటుంబానికి ఈనాడు కూడా ఆ మాట తప్పక పరిచయమవుతుంది. పిల్లలలో ఎక్కువగా వచ్చే తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకేమియాకు తొలి నెలల గట్టి చికిత్స ముగిశాక, వారానికొకసారి మెథోట్రెక్సేట్, రోజూ మెర్కాప్టోప్యూరిన్ అనే మరో మందు చాలా నెలలు కొనసాగుతాయి. ఇలాంటి మందుల కలయికలే సంపన్న దేశాలలో ఆ జబ్బు వచ్చిన పిల్లలలో పదింట తొమ్మిదిమంది వరకు బతికే స్థితిని తెచ్చాయి. ఆ చికిత్సలో ఒక ఘట్టం తల్లిదండ్రులను మిక్కిలి భయపెడుతుంది: నడుములో, వెన్నుపూసల సందున సూదిని దించి, మెదడునూ వెన్నుపామునూ చుట్టి ఉండే ద్రవంలోకి మందును నేరుగా ఎక్కించడం. రక్తంలో తిరిగే అనేక పదార్థాలను మెదడులోకి రానివ్వని కట్టడి ఒకటి శరీరంలో సహజంగా ఉంది. లుకేమియా కణాలు మాత్రం ఆ కట్టడి చాటున దాగి, మందు అందని చోట బతికిపోయి, కొన్ని నెలల తర్వాత జబ్బును తిరగబెట్టగలవు. అందుకే ఆ సూది. మెథోట్రెక్సేట్‌ను అతి ఎక్కువ మోతాదులో సిరలోకి ఎక్కించినప్పుడు ఆరోగ్యంగా ఉన్న కణాలు కూడా ఫోలేట్ కరువుతో చచ్చిపోకుండా కొన్ని గంటల తర్వాత మరొక మందు ఇస్తారు. అది ఫోలినిక్ ఆమ్లం, దుకాణాల్లో ల్యూకోవొరిన్ అంటారు. మెథోట్రెక్సేట్ మూసివేసిన ఎంజైమ్ అవసరం లేకుండానే పనిలోకి దిగగల ఫోలేట్ రూపం అది.

క్యాన్సర్ వార్డులో విరుగుడుగా దశాబ్దాలు పనిచేసిన ఆ ఫోలినిక్ ఆమ్లమే ఆటిజం పరిశోధనలోకి ప్రవేశించింది. ఆటిజాన్ని లియో కానర్ అనే వైద్యుడు పదకొండుమంది పిల్లల వివరాలతో తొలిసారి వర్ణించింది 1943లో, అంటే లెడర్లీలో ఫోలిక్ ఆమ్లం పని ముమ్మరంగా సాగుతున్న కాలంలోనే. అయినా రెండు పరిశోధనల మధ్య మాటలు కలవడానికి అరవై ఏళ్ళు పట్టింది. మెదడు ద్రవం తయారయ్యే కొరాయిడ్ ప్లెక్సస్ అనే పొర మీద ఫోలేట్ గ్రాహకం అనే ప్రోటీన్ ఉంటుంది. రక్తంలోని ఫోలేట్‌ను పట్టుకుని మెదడు వైపు దాటించడం దాని పని. 2004లో విన్సెంట్ రామకర్స్, నెనాద్ బ్లౌ ఒక వింత స్థితిని వర్ణించారు: రక్తంలో ఫోలేట్ సరిపడా ఉంది, వెన్నులోంచి తీసిన ద్రవంలో మాత్రం బాగా తక్కువగా ఉంది, పిల్లవాడి ఎదుగుదల మందగించింది. మరుసటి సంవత్సరం రామకర్స్, ఎడ్వర్డ్ క్వాడ్రోస్, వారి సహచరులు న్యూ ఇంగ్లాండ్ జర్నల్‌లో దానికొక కారణాన్ని చూపారు. ఆ పిల్లల శరీరం తన ఫోలేట్ గ్రాహకం మీదే ప్రతిరక్షకాలను, అంటే సూక్ష్మజీవులను అడ్డుకోవడానికి తయారుకావలసిన ప్రోటీన్లను, తయారుచేసుకుంటున్నది. దాంతో గ్రాహకం మూసుకుపోతుంది. ఫోలినిక్ ఆమ్లం ఆ అడ్డంకిని పక్కన పెట్టి మరొక వాహక ప్రోటీన్ ద్వారా కొంతవరకు మెదడులోకి చేరగలదు.

ఈ దశ నుంచి ఆధారాల బరువును విడివిడిగా తూచవలసి వస్తుంది, ఎందుకంటే ఇక్కడే ఆశ ఆధారాన్ని దాటిపోతుంది. అమెరికాలో రిచర్డ్ ఫ్రై బృందం 2013లో 93 మంది ఆటిజం పిల్లలను పరీక్షించి, నలుగురిలో ముగ్గురికి ఆ ప్రతిరక్షకాలు ఉన్నట్లు ప్రకటించింది. 2018లో అదే బృందం 48 మంది పిల్లలను చీటీ వేసినట్లు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ఫోలినిక్ ఆమ్లాన్ని, రెండో జట్టుకు చూడడానికి అలాగే ఉండే ఉత్త మాత్రను పన్నెండు వారాలు ఇచ్చి, మందు పుచ్చుకున్నవారిలో మాట్లాడే శక్తి ఎక్కువగా మెరుగుపడిందని, ప్రతిరక్షకాలున్నవారిలో ఆ మెరుగు ఇంకా స్పష్టంగా ఉందని చూపింది. ఇది సరైన పద్ధతిలో చేసిన ప్రయోగం. కాని నలభై ఎనిమిది అన్నది చిన్న సంఖ్య, పన్నెండు వారాలన్నది ఎదిగే బిడ్డ జీవితంలో చిన్న కాలం. పైగా ఈ ప్రతిరక్షకాలు ఆటిజం లేని తోబుట్టువులలోనూ తల్లిదండ్రులలోనూ కూడా కనిపిస్తున్నాయి కాబట్టి అవి ఉన్నంత మాత్రాన ఆటిజం వస్తుందని చెప్పడానికి వీలులేదు. 2025 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ల్యూకోవొరిన్‌కు అనుమతి ఇచ్చే ప్రక్రియ మొదలుపెడుతున్నట్లు ప్రకటించినప్పుడు ప్రపంచమంతటా ఆటిజానికి మందు దొరికిందన్నట్లు వార్తలు వచ్చాయి. ఆ ప్రకటన పేర్కొన్న జబ్బు మెదడులో ఫోలేట్ కొరత అనే స్థితి, ఆటిజం మొత్తం కాదు. ఆటిజం అనేది వందలాది జన్యువుల, వేర్వేరు కారణాల సమూహానికి పెట్టిన ఉమ్మడి పేరు. అందులో ఒక భాగానికి సంబంధించిన ఫలితాన్ని అందరికీ వర్తింపజేయడం తల్లిదండ్రులకు అన్యాయం చేయడమే అవుతుంది.

రెండు జబ్బులనూ ఒకే వాక్యంలోకి తెచ్చే మరొక ఆధారం జన్యువులలో ఉంది. ఈ అధ్యాయంలో ఆలోచనకు ఎక్కువ పని చెప్పేది అదే. ఫోలేట్ తెచ్చిన కార్బన్ డీఎన్ఏ తయారీకి వెళ్ళాలా, మిథైలేషన్‌కు వెళ్ళాలా అని తేల్చే కూడలిలో ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైమ్ ఉంది; అది పనిచేస్తే కార్బన్ మిథైలేషన్ దారి పడుతుంది, ఇక వెనక్కి రాదు. ఆ ఎంజైమ్ జన్యువులో 677వ స్థానాన ఒక అక్షరం మారితే, అంటే సీ బదులు టీ వస్తే, ఎంజైమ్ వేడికి త్వరగా దెబ్బతినే బలహీన రూపంలో తయారవుతుందని మాంట్రియల్ పరిశోధకులు 1995లో కనుక్కున్నారు. 1999లో బ్రిటన్ పెద్దవారి మీద జరిపిన ఒక అధ్యయనంలో, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఈ టీ రూపం వచ్చినవారికి తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకేమియా ముప్పు నాలుగు రెట్లకు పైగా తక్కువగా తేలింది. 2009లో హైదరాబాద్ పరిశోధకులు సైకియాట్రిక్ జెనెటిక్స్ పత్రికలో 138 మంది ఆటిజం పిల్లలను, వయసులోనూ లింగంలోనూ వారికి సరిపోయే అంతే మంది ఇతర పిల్లలతో పోల్చి చూపగా, టీ రూపం ఆటిజం ఉన్నవారిలో 16.3 శాతం, లేనివారిలో 6.5 శాతం కనిపించింది. అక్షరం ఒక్కటే, ఫలితం రెండు దిక్కులకు. ఒక జబ్బు నుంచి కాస్తున్నట్లు కనిపించేదే మరొక దానికి దారితీస్తున్నట్లు కనిపించడం తొలి చూపులో పొంతన లేనట్లు తోస్తుంది గాని, కూడలిని గుర్తుంచుకుంటే అర్థం దొరుకుతుంది: ఎంజైమ్ నెమ్మదిస్తే కార్బన్ ఎక్కువ భాగం డీఎన్ఏ తయారీ వైపే నిలుస్తుంది, థైమిడిన్ సమృద్ధిగా ఉంటుంది, మూలుగ కణాల డీఎన్ఏలో తప్పు అక్షరం దూరే అవకాశం తగ్గుతుంది, అదే సమయంలో మిథైలేషన్ వైపు సరఫరా తగ్గుతుంది, దాని లోటు మెదడు ఎదిగే కాలంలో తెలియవచ్చు. ఈ వివరణ చక్కగా ఉంది కాబట్టి నిజమే అయి తీరాలని లేదు. తర్వాత వచ్చిన అధ్యయనాలలో కొన్ని ఈ ఫలితాలను బలపరిచాయి, కొన్ని బలహీనపరిచాయి. ఆహారంలో ఫోలేట్ సమృద్ధిగా ఉన్న దేశాలలో ఈ తేడా మసకబారుతున్నట్లు కూడా కనిపించింది. టీ రూపం ఉన్న కోట్లాదిమంది ఏ జబ్బూ లేకుండా బతుకుతున్నారు. అందువల్ల ఆ అక్షరాన్ని పరీక్ష చేయించి బిడ్డ భవిష్యత్తు చెప్పించుకోవడం డబ్బు దండగ.

మిథైలేషన్ దారిలో ఇంకొంచెం ముందుకు వెళితే సంబంధం మరింత గట్టిపడుతుంది. డీఎన్ఏ మీద కొత్తగా మిథైల్ గుర్తులు పెట్టే డీఎన్ఎంటీ3ఏ అనే ఎంజైమ్ జన్యువు, తీవ్ర మైలాయిడ్ లుకేమియా అనే మరో రక్త క్యాన్సర్ ఉన్న పెద్దవారిలో అయిదింట ఒకరిలో దెబ్బతిని ఉందని 2010లో అమెరికా పరిశోధకులు చూపారు. 2014లో అదే జన్యువులో పుట్టుకతోనే మార్పు ఉన్న పిల్లలలో అసాధారణమైన ఎత్తు, బుద్ధి ఎదుగుదలలో ఆలస్యం కనిపిస్తున్నాయని తేలింది. టాటన్-బ్రౌన్-రహ్మాన్ సిండ్రోమ్ అని పిలిచే ఆ స్థితిలో ఆటిజం లక్షణాలు కూడా తరచుగా ఉంటాయి. ఒకే జన్యువు, కాలం మాత్రం వేరు. పెద్దయ్యాక మూలుగలోని ఒక్క కణంలో అది చెడితే ఆ కణం సంతతి రక్తాన్ని ఆక్రమిస్తుంది. పిండ దశ నుంచే ప్రతి కణంలోనూ చెడి ఉంటే మెదడు కట్టుబడే తీరు మారుతుంది. ఇలాంటి జన్యువుల మీద పనిచేసే పరిశోధకుడి పట్టికలో రక్త క్యాన్సర్, ఆటిజం పక్కపక్కన ఉండకపోతేనే ఆశ్చర్యపడాలి.

గర్భిణుల విషయంలో మాత్రం ఫోలిక్ ఆమ్లం గురించి సందేహానికి తావు లేని ఫలితం ఒకటి ఉంది. వెన్నెముక మూసుకోని బిడ్డను ఒకసారి కన్న తల్లులకు మళ్ళీ గర్భం దాల్చే ముందునుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే ఆ లోపం 72 శాతం తగ్గిందని బ్రిటన్ వైద్య పరిశోధన మండలి 1991లో లాన్సెట్ పత్రికలో వెల్లడించింది. వెన్నెముక మూసుకోవడం గర్భం దాల్చిన నాలుగు వారాలలోపే, చాలామందికి నెల తప్పిన సంగతి గట్టిగా తెలియకముందే, పూర్తవుతుంది కాబట్టి మాత్ర ముందే మొదలుపెట్టాలి. నార్వేలో 85,176 మంది పిల్లలను అనుసరించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భం చుట్టూ ఉన్న వారాలలో ఫోలిక్ ఆమ్లం వాడిన తల్లుల పిల్లలలో తీవ్రమైన ఆటిజం 0.10 శాతం, వాడనివారి పిల్లలలో 0.21 శాతం నమోదైంది. ఇది పరిశీలన మాత్రమే, ప్రయోగం కాదు, మాత్ర వేసుకునే తల్లులు ఇతర విధాలా జాగ్రత్త తీసుకునేవారై ఉండవచ్చు. ఫోలేట్‌ను అడ్డుకుంటే పిండానికి ఏమవుతుందో వైద్యలోకం 1950లలోనే చేదుగా నేర్చుకుంది: గర్భస్రావం కోసం అమైనాప్టెరిన్ ఇచ్చిన కొందరు స్త్రీలకు గర్భం నిలిచి, పుర్రె, అవయవాలు వికటించిన శిశువులు పుట్టారు. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతున్న స్త్రీలు గర్భం దాల్చాలనుకుంటే ముందుగానే మందు మానాలని వైద్యులు గట్టిగా చెప్పడం అందుకే.

హసన్‌పర్తిలో రెండేళ్ళు దాటినా మాటలు రాని బిడ్డ గురించి ఇంట్లో పెద్దవారు సాధారణంగా చెప్పే మాట, వాళ్ళ నాయినకు కూడా మాటలు ఆలస్యంగానే వచ్చాయని. ప్రేమతో చెప్పే ఆ మాట వల్ల విలువైన నెలలు పోతాయి. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, కావలసినది వేలితో చూపించకపోవడం, కళ్ళలోకి చూడకపోవడం గమనించిన వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించి, 2013 నుంచి నడుస్తున్న జాతీయ బాల ఆరోగ్య కార్యక్రమం ద్వారా పరీక్ష చేయించడం మంచిది. వినికిడి పరీక్ష, మాటల శిక్షణ, ప్రవర్తన శిక్షణ ఇప్పటికీ చికిత్సకు ఆధారాలు. వాటిని ఆపి ల్యూకోవొరిన్ కోసం మందుల దుకాణాలు తిరగడం, క్యాన్సర్ చికిత్స కోసం తయారైన ఆ మాత్రలను వైద్యుడి పర్యవేక్షణ లేకుండా ఇవ్వడం ప్రమాదకరం. ఐరన్ గోలీలను ఎక్కువగా వేసి మెదడులో ఫోలేట్ లోటు తీర్చవచ్చనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు. ఇనుము మోతాదు మించితే చిన్నపిల్లలకు ప్రాణాంతకం, పైగా ఫోలిక్ ఆమ్లం ఫోలేట్ గ్రాహకాన్ని గట్టిగా అంటుకుని ఉండిపోతుంది కాబట్టి ఫోలినిక్ ఆమ్లం చేసే పనికి అది బదులు కాదు. ఫోలినిక్ ఆమ్లం ఇవ్వాలని నిపుణుడు నిర్ణయించిన సందర్భంలో కూడా ముందుగా విటమిన్ బి12 ఎంత ఉందో చూడవలసి ఉంటుంది. ఫోలేట్ మోసుకొచ్చిన మిథైల్ గుంపును అందుకుని తర్వాతి అణువుకు ఇచ్చేది బి12. మాంసాహారం, పాలు అంతగా అందని ఇళ్ళలో దాని కొరత తరచుగా ఉంటుంది. బి12 లోటు ఉన్న ఒంట్లోకి ఫోలేట్ మాత్రమే ఎక్కువ మోతాదులో వెళితే రక్తహీనత తగ్గి ముఖం తేటపడుతుంది, లోపల నరాలు దెబ్బతినడం మాత్రం ఎవరికీ కనిపించకుండా కొనసాగుతుంది, ఆ దెబ్బ ముదిరితే తర్వాత బి12 ఇచ్చినా పూర్తిగా నయం కాకపోవచ్చు.